ఎవరి దవడ వాళ్ళింట్లో

రంగుచేపల షాపులో మస్తాన్ మూడు గాజు తొట్ల మీద లైట్లు వేసి పక్కకు జరిగాడు. డాక్టర్ సువర్చల వాటి ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. నూకరత్నం కూర్చోలేదు. చేపల్ని నిలబడి చూడటం ఆమెకు అలవాటు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పద్నాలుగేళ్ళు వేలంపాట పాడింది. దవడ తీసేశాక ఆ పని మానేసింది.

కింది దవడలో ఎడమ సగం తీసేశారు. లోపల పెరిగిన గడ్డ ప్రాణం తీసే రకం కాదు గానీ ఎముకను తినేసింది. ఆ స్థానంలో ఇప్పుడు స్టీలు ప్లేటు ఉంది. పెదవులు సరిగా కలవవు. ప, బ, మ పలకవు. ఆమె మాట ఇంట్లోవాళ్ళకే అర్థమవుతుంది. బయటైతే భర్త ఎల్లాజీ అందుకుని చెబుతాడు.

"ఇది పసుపు చేప," అన్నాడు మస్తాన్ మొదటి తొట్టి చూపించి. "నాచు బాగా తింటుంది మేడమ్. హాల్లో పెడితే అందం కూడా."

"అందం అక్కర్లేదు," అంది సువర్చల. "వీళ్ళ తొట్టి నాలుగడుగులే. ఇది రోజంతా ఈదే చేప. ఇరుకులో పెడితే ఒంటి మీద తెల్లమచ్చలు వస్తాయి. ఆ జబ్బుకి మందు వేస్తే తొట్టిలో మనం పెంచే పగడం చస్తుంది."

రెండో తొట్టిలో అరచెయ్యంత చేప ఉంది. మూతి కుందేలు మూతిలా ఉంది. ఎల్లాజీ దాన్ని చూసి నవ్వాడు. అతను మరబోటు నడిపే సరంగు.

"ఇదా? మా వల్లో పడితే సెయ్యెట్టం డాక్టరమ్మా. ఈపు మీద ముళ్ళున్నాయి. గుచ్చుకుంటే మోసేతి దాకా మంట."

"పీచునాచు తినడంలో దీన్ని మించింది లేదు," అన్నాడు మస్తాన్.

"నాచు అయిపోయాక ఏం తింటుంది?" అని అడిగింది సువర్చల.

మస్తాన్ తొట్టి అద్దం తుడిచాడు. "కొన్ని పగడం రుచి చూస్తాయండి. అన్నీ కాదు. ఏది చూస్తుందో ముందు తెలీదు."

మూడో తొట్టిలో వేలెడంత చేపలు రెండు ఉన్నాయి. కళ్ళు నెత్తిన ఉన్నాయి. అవి ఈదవు, రాళ్ళ మీద కూర్చుంటాయి. పళ్ళు దువ్వెనలా ఉంటాయని, రాతి మీద పొరలా పట్టిన నాచును గీకి తింటాయని మస్తాన్ చెప్పాడు. సువర్చల చదివి వచ్చిందీ ఇదే.

"ఈ రకమే తీసుకుందాం. రెండింట్లో ఏది మంచిదో మీరు చెప్పండి," అంది నూకరత్నంతో. "నాకు కణాల సంగతి తెలుసు. చేపలు మీకు తెలిసినంతగా తెలీవు."

నూకరత్నం వంగి చూసింది. ఒక చేప పొట్ట నిండుగా ఉంది. మనిషి నీడ పడగానే అద్దం దగ్గరికి వచ్చింది. రెండోది సన్నగా ఉంది, రాయి వెనకనుంచి రాలేదు. హార్బర్‌లో బుట్ట ముందు నిలబడితే మొదట చూసేది పొట్ట, తర్వాత కళ్ళు. పొట్ట గట్టిగా ఉంటే పాట ఎక్కువకి మొదలుపెట్టాలి. ఆమె నిండు పొట్ట చేపను వేలితో చూపించింది.

"సరుకు తెలిసిన మనిషి," అన్నాడు ఎల్లాజీ గర్వంగా.

మస్తాన్ దాన్ని పట్టి సంచిలో వేశాడు. దాంతోపాటు మేత గుళికల పొట్లం ఒకటి ఇచ్చాడు. అలవాటు తప్పకుండా మొదటి రెండు రోజులు మాత్రం వెయ్యమన్నాడు.

పద్నాలుగేళ్ళలో నూకరత్నం చేతుల మీదుగా పోయినవన్నీ చచ్చిన చేపలే. బతికిన చేపకి పొట్ట ఎందుకు నిండిందో అడగాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

*

పెద జాలరిపేటలో వాళ్ళది రెండు గదుల డాబా. ముందు గదిలో ఇనుప స్టాండు మీద తొట్టి ఉంది. తొట్టి మధ్యలో, రాళ్ళ గుట్ట మీద, నూకరత్నం దవడ పెరుగుతోంది.

సువర్చల ల్యాబు తయారుచేసిన పగడం అది. దవడ ఆకారంలో పోత పోసిన చట్రం మీద పగడపు జీవులు సున్నం పేరుస్తాయి. వాటి పొర కింద నూకరత్నం కణాలు ఉంటాయి. ఆ కణాలు సున్నాన్ని ఎముకగా మారుస్తాయి. పూర్తయ్యాక తీసి ప్లేటు స్థానంలో బిగిస్తే శరీరం దాన్ని తనదనుకుంటుంది. తనదే గనక.

మొదట్లో ల్యాబులో పన్నెండు దవడలు ఒకే నీటిలో పెంచారు. ఒక దానికి జబ్బు తగిలి తెల్లవారేసరికి పన్నెండూ తెల్లబడి చచ్చాయి. అందులో నలుగురికి మళ్ళీ మొదలుపెట్టడానికి కణాలు మిగల్లేదు. అప్పటినుంచి ఎవరి దవడ వాళ్ళింట్లో పెంచుతున్నారు. జబ్బు వస్తే ఒక్కటే పోతుంది. నూకరత్నం కణాలు కూడా ఈ ఒక్క దవడకే అయిపోయాయి. అవి ఆపరేషన్ రోజు గడ్డ పక్కనుంచి తీసినవి. ఇంకోసారి తీయడానికి అక్కడ ఎముక లేదు. ప్లేటుకి బిగించిన స్క్రూల్లో ఒకటి వదులవుతోందని గత నెల ఎక్స్‌రేలో తేలింది.

నాచు సమస్య కణాల మేతతో వచ్చింది. రోజూ నీటిలో వేసే చుక్కల మందు కణాలకు తిండి. నాచుకీ అదే తిండి. మందు ఆపితే కణాలు చస్తాయి. ఆపకపోతే నాచు పగడాన్ని కప్పి వెలుతురు అందనివ్వదు. బ్రష్‌తో రుద్దితే పగడం పొర చిరుగుతుంది. నత్తలు వేసి చూశారు. అవి దవడ మీదకే ఎక్కి కూర్చున్నాయి.

కొత్త చేప నీటి పంపు మీద స్థిరపడింది. అక్కడినుంచి గది మొత్తం కనిపిస్తుంది. రెండు వారాలైనా అది నాచు వైపు తల తిప్పలేదు. నాచు పొర పీచయింది. పీచు జానెడు పెరిగి దవడ కొస మీద పడింది.

సువర్చల కొలతలు తీయడానికి వచ్చింది. తొట్టి మీద వంగి కొసను చాలాసేపు చూసింది. అప్పుడు ఎల్లాజీ తల్లి దానయ్యమ్మ టీ పట్టుకుని గదిలోకి వచ్చింది. చేప పంపు దిగి పైకి ఈదుకొచ్చింది. సువర్చల చేపను చూసింది. తర్వాత దానయ్యమ్మను చూసింది.

"ఎంత పెడుతున్నారమ్మా?"

"నేనేటీ పెట్టలేదు."

"మిమ్మల్ని చూసి నోరు తెరుస్తోంది."

"సిటికెడు," అంది దానయ్యమ్మ. "పొద్దున సిటికెడు, సాయంత్రం సిటికెడు. మద్దేనం అదే అడుగుతాది."

"అమ్మా!" అన్నాడు ఎల్లాజీ.

"అమ్మా గిమ్మా అనీకు. ఇంటికొచ్చిన పేణిని పస్తెట్టి పని సేయించుకుంతామేటి? నీ బోట్లో కూలోళ్ళకి కూడెట్టకుండా వల లాగిస్తన్నావా?"

"కూడెడతాను. వల లాగినాక."

సువర్చల నవ్వలేదు. "తప్పు మీది కాదు. ఇది గుళికల మీద పుట్టి పెరిగిన చేప. నాచు తిండి అని దీనికి తెలీదు. మీరు పెట్టకపోతే పస్తుండి చచ్చేది. కానీ మీరు పెట్టింది నీటిలో కుళ్ళి నాచుకి ఎరువైంది."

ఆమె చిన్న భూతద్దం తీసి నూకరత్నానికి దవడ కొస చూపించింది. పీచు పక్కకు తీస్తే కింద గోరంత మేర తెల్లగా ఉంది.

"అక్కడ పోయిందా?" అని అడిగింది నూకరత్నం. ఎల్లాజీ తిరిగి చెప్పాడు.

"అక్కడ పోయింది. చుట్టూ ఇంకా ఉంది."

"సేపని నేనే ఏరినాను," అంది నూకరత్నం. ఎల్లాజీ అదీ చెప్పాడు.

"ఏరమన్నది నేను," అంది సువర్చల.

*

ఆ చేపను పట్టడం కష్టం కాలేదు. దానయ్యమ్మ చిటికెడు గుళికలు వేసి గ్లాసు ముంచితే దానంతటదే గ్లాసులోకి వచ్చింది. ఎల్లాజీ దాన్ని మస్తాన్‌కి తిరిగి ఇచ్చాడు.

రెండోసారి షాపుకి నూకరత్నం ఎల్లాజీని మాత్రమే తీసుకుని వెళ్ళింది. అప్పటి సన్న చేప అమ్ముడైపోయింది. ఉన్నా లాభం లేదన్నాడు మస్తాన్. అది పొరను గీకుతుంది, పీచును తినదు. పీచు తినేది కుందేలు మూతిదే. ఆ రకానివి నాలుగు ఉన్నాయి. ఈసారి నూకరత్నం పొట్ట చూడలేదు, నోరు చూసింది. నాచు పట్టిన రాయి ఒకటి ఆ తొట్టిలో వెయ్యమంది. మూడు చేపలు రాయి చుట్టూ తిరిగాయి. నాలుగోది వెళ్ళి పీచు పట్టి లాగింది. అదే కావాలంది.

సువర్చలకి ఫోన్లో ఎల్లాజీ చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"పగడం కొరికితే?"

"కొరికితే కొరుకుద్ది డాక్టరమ్మా. ఇప్పుడు నాచు తినేస్తంది గదా."

కుందేలు మూతి చేప తొట్టిలోకి వచ్చిన పూటే పని మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి పీచు లేదు. రాళ్ళు కనిపించాయి. దవడ గోధుమ రంగులో బయటపడింది. తెల్లబడిన గోరంత మేర చుట్టూ పగడపు జీవులు మళ్ళీ అంచు కడుతున్నాయి. ఇంట్లో ఆ వారం అందరూ నిశ్చింతగా నిద్రపోయారు.

ఇంకొన్ని వారాలకి ఒక ఉదయం నూకరత్నం తొట్టి ముందు కూర్చుని ఉండగా చేప దవడ దగ్గరికి వెళ్ళింది. ఆగింది. తల పక్కకు వంచి కొరికింది. కొరికిన చోట తెల్లటి చుక్క పడింది. చేప రెండడుగులు వెనక్కి ఈది మళ్ళీ వచ్చింది.

ఆమె అద్దం మీద అరచేత్తో కొట్టింది. చేప రాయి వెనక్కి పోయింది. కొట్టడం ఆపగానే తిరిగి వచ్చింది. ఆమె ఎడమ చెంపను చేత్తో పట్టుకుంది. అక్కడ స్పర్శ లేదు, ఆపరేషన్లో నరం పోయింది. అయినా పట్టుకుంది.

ఎల్లాజీ పిడి ఉన్న చేతివల తెచ్చి చొక్కా విప్పి తొట్టిలోకి దిగినంత పని చేశాడు. చేప వల కంటే ముందు కదిలింది. కుడివైపు వల వేస్తే ఎడమవైపు, పైన వేస్తే రాళ్ళ కింద. ప్రతిసారీ చివరికి దవడ వెనక చేరింది.

"సెంద్రుడి మీద సేపని కూడా పట్టుకొస్తానంతావు," అంది దానయ్యమ్మ. "గాజు పెట్టిలో ఒక్క సేపని పట్టలేవురా?"

"సముద్రంలో దాక్కోడానికి ఇన్ని రాళ్ళుండవే అమ్మా!"

"సముద్రంలో రాళ్ళుండవేటి?"

"నువ్వు మాటాడకు. అది ఇంటంది."

చేప ఒక్కసారిగా పైకి వచ్చింది. ఎల్లాజీ వలతో పాటు చెయ్యి తిప్పాడు. వెన్నుముల్లు అతని బొటనవేలి కింద దిగింది. అతను కేక వేసి చెయ్యి లాగాడు. వల పిడి దవడ కొసకి తగిలింది. టిక్కుమని చప్పుడైంది. చింతపిక్కంత ముక్క ఒకటి విరిగి ఇసుకలో పడింది.

 దానయ్యమ్మ వేడినీళ్ళు తెచ్చి కొడుకు చెయ్యి అందులో ముంచింది.  అతను చేతిని చూడటం లేదు.

"రత్నం," అన్నాడు. "నేను సూసుకోలేదే."

నూకరత్నం తొట్టిలో చెయ్యి పెట్టి ఇసుకలోనుంచి ముక్క తీసింది. చేప ఆమె వేళ్ళ పక్కనుంచే వెళ్ళింది. ముక్కను ఉప్పునీళ్ళ సీసాలో వేసి మూత పెట్టింది.

"డాక్టరమ్మకి ఫోను సెయ్యి," అంది.

*

సువర్చల ఆ ఫోను ఎత్తేసరికి ఆమె బల్ల మీద ఇంకొక దవడ ఉంది. తునిలో దర్జీ పని చేసే అతనిది. అందరికంటే ముందు అమర్చింది అదే. అది విరిగింది. ఆ మనిషి గట్టి పదార్థం ఏదీ కొరకలేదు. ఇడ్లీ తింటుండగా విరిగింది.

విరిగిన ముక్కల్ని ఆమె ఒక్కొక్కటిగా యంత్రంలో పెట్టి నొక్కింది. సుద్దముక్కల్లా పొడి అయ్యాయి. కొలతల్లో లోపం లేదు. సున్నం సరిపోయింది, కణాలు బతికే ఉన్నాయి, ఎముక అయింది కూడా. కానీ బలం లేదు. మిగిలిన తొట్లలో పెరుగుతున్నవన్నీ ఇదే పద్ధతిలో పెరుగుతున్నాయి. తగలకుండా, కదలకుండా, గాజు వెనక.

సాయంత్రం ఎల్లాజీ కట్టు కట్టిన చేత్తో సీసా తెచ్చి ఇచ్చాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె ముక్కను భూతద్దం కింద పెట్టింది. ఒకవైపు చేప పళ్ళ గుర్తులున్నాయి. కొన్ని కొత్తవి. కొన్నింటిని పగడం మళ్ళీ కప్పింది; ఎవరూ చూడకముందే చేప కొరకడం మొదలుపెట్టిందన్నమాట.

"ఇది నేను పగలగొట్టాలి," అంది. "ఒప్పుకుంటారా?"

"ఇంకా ఏటి పగలగొడతారు? నేనే పగలగొట్టీసినాను గదా."

ఆమె గుర్తులు లేని వైపునుంచి గింజంత కోసి యంత్రంలో పెట్టింది. పొడి అయింది. చేప కొరికి, మాని, మళ్ళీ కొరికిన వైపునుంచి గింజంత కోసి పెట్టింది. యంత్రం నొక్కింది. ఇంకా నొక్కింది. సూది మొదటి ముక్క విరిగిన అంకె దాటింది. దానికి రెట్టింపు దాటింది. ఎల్లాజీకి అంకెలు అర్థం కాలేదు. సువర్చల కుర్చీలోంచి లేవడం అర్థమైంది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె జాలరిపేటకి వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళింది.

"చేపను తీయకండి," అంది.

దానయ్యమ్మ నూకరత్నాన్ని చూసింది. నూకరత్నం సువర్చలను చూసింది.

"కాలు విరిగి కట్టుతో నెలల తరబడి పడుకున్నవాళ్ళ కాలు చూశారా? సన్నబడుతుంది. లోపల ఎముక కూడా సన్నబడుతుంది. నడిస్తేనే మళ్ళీ గట్టిపడుతుంది. బరువు పడితేనే ఎముక గట్టిపడాలని కణాలకు తెలుస్తుంది. దవడకి బరువంటే నమలడం. తునిలో ఒకతనికి పెట్టిన దవడ ఇడ్లీ తింటుంటేనే విరిగింది, తొట్టిలో అదేమీ నమల్లేదు గనక. ఈ దవడ కూడా ఇంతవరకూ ఏమీ నమల్లేదు. ఎవరూ దాన్ని తాకలేదు. మేమే తాకొద్దన్నాం." ఆమె ఊపిరి తీసుకుంది. "మీ చేప తాకింది."

"అయితే కొరకనీమంతారా?" అన్నాడు ఎల్లాజీ.

"కొంచెం."

"కొంచెమంటే?"

"పూర్తిగా మేపితే కొరకదు. దవడ సుద్దముక్క అవుతుంది. మేపకపోతే తినేస్తుంది. సముద్రపు ఆకు ఎండబెట్టి చేసిన అట్ట ఇస్తాను. రోజుకి సగం వెయ్యండి."

"సగం సాల్తాదా?" అని అడిగింది దానయ్యమ్మ.

సువర్చల సంచిలోంచి ఆకు అట్ట తీసింది. "నాకు తెలీదమ్మా. ఒక్క చింతపిక్క చూసి చెబుతున్నాను."

నూకరత్నం ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దున లేవగానే తొట్టి ముందు కూర్చునేది. రాత్రి పడ్డ గాట్లు తెల్లగా ఉండేవి. ముందురోజువి గోధుమరంగు తిరిగాయో లేదో చూసేది. తిరిగితే ఆకు తగ్గించేది. తిరక్కపోతే పెంచేది. కొన్ని రోజులు చేప దవడ వైపు చూడనే చూడదు. అప్పుడు ఆమెకు భయం. కొన్ని రోజులు వదలదు. అప్పుడూ భయమే. దానయ్యమ్మ వంటింట్లోంచి అడిగేది.

"ఒలే, తిందా?"

"నన్నా, ఆకునా?"

"నీ నోరు పడ! ఆకునే."

సువర్చల మిగతా ఇళ్ళన్నిటికీ కబురు చేసింది. ఒప్పుకున్నవాళ్ళకి కుందేలు మూతి చేపల్ని, ఆకు అట్టల్ని పంపింది. అందరికీ ఒకటే మాట చెప్పింది. సగం.

నెల దాటాక ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కొలతల పెట్టె తేలేదు. మూత బిగించిన ప్లాస్టిక్ సీసా తెచ్చింది. ఒకవైపు గరాటులా లోపలికి మడిచి ఉంది. చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు.

"పలాసలో ఒకావిడ ఉన్నారు," అంది. "జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఆవిడ తొట్టిలో చేప దవడని మధ్యలోకి కొరికేసింది. మొన్న ఒక్కరోజులో. రెండు ముక్కలైంది. జీవులు చచ్చిపోయాయి."

"ఇంకోటి పెంచుతారా?" అంది నూకరత్నం. ఎల్లాజీ తిరిగి చెప్పలేదు. సువర్చలకే అర్థమైంది.

"కణాలు లేవు."

దానయ్యమ్మ గోడకి జారగిలబడి కూర్చుంది.

"ఆవిడ ఎంతెట్టింది సేపకి?"

"నేను చెప్పినంతే. సగం." సువర్చల సీసాను నేల మీద పెట్టింది. "మీకు కుదిరింది వాళ్ళకి కుదరలేదు. ఆ చేప వేరు, ఆ నీళ్ళు వేరు. రేపు మీ చేప ఏం చేస్తుందో చెప్పలేను. తీసేయమంటే ఇప్పుడే తీసేద్దాం. ఆకు ఇందులో పెడితే గంటలో దొరుకుతుంది. ఉన్న దవడ ఉంటుంది."

"తీసీండి," అన్నాడు ఎల్లాజీ. "ఉన్నది సాలు."

"ఉన్నది ఎంత గట్టిది?" అని అడిగింది నూకరత్నం.

"కొస గట్టిది. మధ్యలో ఇంకా కాలేదు. ప్లేటు కంటే నయం. జావ తాగొచ్చు."

"మాటలొస్తాయా?"

"కొన్ని."

"రత్నం," అన్నాడు ఎల్లాజీ. "పలాసావిడ గురించి ఇన్నావు గదా. ఆవిడకి ఇప్పుడు జావ తాగే దవడైనా లేదు. నా సేత్తో ఒకసారి ఇరగ్గొట్టినాను. రెండోసారి ఆ సేప ఇరగ్గొడితే నేను సూడలేను. తీసీ."

నూకరత్నం తొట్టి వైపు తిరిగింది. చేప దవడ మధ్యభాగం దగ్గర ఆగి ఉంది. మొప్పలు కదులుతున్నాయి. ఆమె దగ్గరికి వంగి నిన్నటి గాట్లు రంగు తిరిగాయో లేదో చూసింది.

"ఇడ్లీకి ఇరిగే దవడ నాకెందుకు?" అంది నూకరత్నం. "ఉండనీ."

ఎల్లాజీ లేచి బయటికి వెళ్ళిపోయాడు. సువర్చల అతను వెళ్ళిన వైపు చూసి, సీసా తీసుకోకుండానే వెళ్ళింది. ఆ రోజు నుంచి ఎల్లాజీ వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ కాళ్ళు కడుక్కోకుండా ముందు తొట్టి చూసేవాడు.

*

ప్లేటు స్క్రూ పూర్తిగా ఊడిపోయాక ఆగడానికి లేకపోయింది. దవడను తీసి శుభ్రం చేసి యంత్రంలో పెట్టారు. మధ్యభాగం సువర్చల కోరినంత గట్టిగా లేదు. తుని దర్జీ దవడ కంటే చాలా గట్టిగా ఉంది. సరిపోతుందా అని సర్జన్ అడిగాడు. సరిపోతుందనే అనుకుంటున్నానంది. కొస మీద తెల్లబడి చచ్చిన గోరంత మేర, వల పిడి తగిలి విరిగిన చోటు, రెండూ అలాగే ఉన్నాయి. సర్జన్ వాటిని అరగదీసి బిగించాడు.

కుట్లు మానాయి. పెదవులు కలిశాయి. ప వచ్చింది, మ వచ్చింది. బ ఆలస్యంగా వచ్చింది. గట్టివి తినొచ్చన్నారు. నూకరత్నం తినలేదు. జావ, పెరుగన్నం, అరటిపండు. అన్నీ కుడివైపే. ఎడమవైపు నాలుక కూడా వెళ్ళనివ్వలేదు.

మూడో నెల స్కానింగ్ చూసి సువర్చల ఇంటికి వచ్చింది.

"పలచబడుతోంది," అంది. "మధ్యలో. మీరు ఎడమవైపు నమలడం లేదు కదూ?"

నూకరత్నం ఔనన్నట్టు తలూపింది.

"తొట్టిలో ఉన్నంతకాలం చేప కొరికింది. ఇప్పుడు కొరకాల్సింది మీరే. కొరక్కపోతే అది మళ్ళీ సుద్ద అవుతుంది."

"కొరికితే ఇరిగిపోదని రాసిస్తారా?" అన్నాడు ఎల్లాజీ.

"రాసివ్వలేను."

"మరి?"

"ఇంకా ఆలస్యం చేస్తే విరిగిపోతుందని మాత్రం రాసిస్తాను."

దానయ్యమ్మ లోపలికి వెళ్ళింది. డబ్బా మూత చప్పుడు వినిపించింది. జంతికలు పళ్ళెంలో పోసి తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఇడ్లీ వండనా?" అని అడిగింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

ఆమె ఒక జంతిక తీసుకుంది. ఒత్తుగా వేగిన చోటు చూసి ఎంచుకుంది. ఎడమవైపు పళ్ళ మధ్య పెట్టుకుని ఆగింది. అక్కడ పెట్టిన పళ్ళు కొత్తవి. ఆమె ముఖంలో ఆ సగానికి స్పర్శ సగమే తిరిగి వచ్చింది. ఎంత గట్టిగా కొరుకుతోందో ఆమెకే సరిగా తెలియదు.

వీధిలో ఎవరో ఐసు బండి తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పోయేదాకా ఆమె ఆగింది.

కొరికింది.

చప్పుడు గదంతా వినిపించింది. ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. సువర్చల చెయ్యి ముందుకు చాచింది. ఎక్కడికో ఆమెకే తెలియలేదు. నూకరత్నం కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది. నాలుకను ఎడమవైపుకి పంపింది. ఆ వైపు వెళ్ళడం దానికి ఇదే మొదలు. అక్కడ ముక్కలున్నాయి. వాటిలో ఏవి ఏమిటో నాలుకతో ఒక్కొక్కటే తడిమింది. ఉప్పు తగిలింది. వాము తగిలింది.

"ఏటయింది?" అన్నాడు ఎల్లాజీ. "ఒలే, ఇరిగిపోనాదా? సెప్పవే, ఇరిగింది జంతికేనా?"

ఆమె ఎడమవైపే నములుతోంది. నోరు నిండా ఉంది.